అద్దాలు కడిగే పోల్‌కు పైపు జాయింట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

భవనం కింద నేల మీదే నిలబడి, శుద్ధి చేసిన నీటిని పొడవైన పోల్ గుండా బ్రష్‌కు పంపి కిటికీ అద్దాలు కడిగే ‘వాటర్ ఫెడ్ పోల్’ పద్ధతి గురించి విశాఖపట్నం పాఠకులు కొందరు ఈ శీర్షికకు రాశారు. నీటిలో కరిగి ఉన్న లవణాలే ఆరిన తరువాత అద్దం మీద తెల్లటి మచ్చలుగా మిగులుతాయి కనుక, ఈ పనికి టి.డి.ఎస్. (కరిగి ఉన్న పదార్థాల మొత్తం) 10 పి.పి.ఎం. లోపు ఉండే నీటిని వాడతారు. అలాంటి నీటితో కడిగిన అద్దాన్ని తుడవవలసిన అవసరం ఉండదు. అయితే వచ్చిన ఉత్తరాలలో నీటి గురించి గాని, బ్రష్ గురించి గాని అడిగినవారు తక్కువ. దాదాపు అందరి బాధా పైపుల జాయింట్లతోనే.

ప్రశ్న: మధురవాడలో అపార్ట్‌మెంట్ల కిటికీలు శుభ్రం చేసే చిన్న కాంట్రాక్టులు చేస్తుంటాను. మా బంధువు ఒకరు అమెరికా నుంచి వస్తూ ఒక వాటర్ ఫెడ్ పోల్ సెట్టు తెచ్చి ఇచ్చారు. దాని పైపు చివర ఉన్న ఇత్తడి నట్టు మా ముప్పావు అంగుళం కుళాయికి ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతోంది. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి రెంచితో తిప్పినా నీరు కారుతూనే ఉంది. కుళాయి థ్రెడ్ అరిగిపోయిందంటారా?

జవాబు: కుళాయి థ్రెడ్ అరగలేదు, మీరు రెంచి పక్కన పెట్టకపోతే మాత్రం త్వరలోనే పాడవుతుంది. మన దేశంలో నీటి పైపులకు, కుళాయిలకు వాడేది బ్రిటిష్ పద్ధతిలోని బి.ఎస్.పి. థ్రెడ్. అమెరికాలో తోట పైపులకు వాడేది గార్డెన్ హోస్ థ్రెడ్ అనే వేరే కొలత. రెండింటినీ ముప్పావు అంగుళమనే పిలుస్తారు, చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి, కాని బి.ఎస్.పి.లో అంగుళానికి 14 చుట్లు ఉంటే అమెరికా తోట పైపు థ్రెడ్‌లో పదకొండున్నర చుట్లే ఉంటాయి. అంటే ఒక థ్రెడ్‌కూ మరో థ్రెడ్‌కూ మధ్య ఎడం మీ కుళాయి మీద సుమారు 1.8 మి.మీ., ఆ ఇత్తడి నట్టు లోపల 2.2 మి.మీ. పైగా నట్టు లోపలి కొలత కాస్త పెద్దది కాబట్టి మొదటి చుట్టు వదులుగా, నమ్మకంగా ఎక్కుతుంది. చుట్టు చుట్టుకూ 0.4 మి.మీ. తేడా పోగుపడి అక్కడితో ఇరుక్కుంటుంది. లోపలి రబ్బరు వాషర్ కుళాయి అంచును తాకనే లేదు, ఇక నీరు ఆగేదెలా? ఎంత టేపు చుట్టినా ఆ ఖాళీ పూడదు.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఒకవైపు అమెరికా థ్రెడ్, మరోవైపు బి.ఎస్.పి. ఉన్న అడాప్టర్ కొనడం. రెండోది, నాకు నచ్చినది, ఆ ఇత్తడి నట్టును పైపు చివరతో సహా కోసేసి, పైపు లోపలి కొలతకు సరిపోయే హోస్ నిపుల్‌ను (పైపు లోపలికి దూరే గాట్ల గొట్టం) బి.ఎస్.పి. నట్టుతో బిగించుకోవడం. అడాప్టర్ ఎక్కడైనా పడిపోతే ఆ రోజు పని ఆగిపోతుంది, బి.ఎస్.పి. నిపుల్ పోతే పూర్ణా మార్కెట్ వైపు గాని, గాజువాక ఆటోనగర్‌లో గాని వెతుక్కోవచ్చు. ఎటూ మీరు పనిచేసేది ఇక్కడి కుళాయిలతోనే కదా.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అరంగుళం బి.ఎస్.పి. థ్రెడ్‌ను స్కేలుతో కొలిస్తే బయటి కొలత సుమారు 21 మి.మీ. వస్తుంది, ముప్పావు అంగుళానిది 26.4 మి.మీ. వస్తుంది. ఆ పేర్లు ఒకప్పటి ఇనుప పైపుల లోపలి వ్యాసాన్ని బట్టి నిలిచిపోయినవే తప్ప థ్రెడ్ కొలతలు కావు. అందుచేత 21 మి.మీ. చూసి ‘ముప్పావు’ అని అడిగి తెచ్చుకుంటే మళ్లీ తిరగవలసి వస్తుంది. మీ సెట్టులో ఫిల్టరు మీద గాని, పంపు మీద గాని ఎన్.పి.టి. అని రాసి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది కూడా అమెరికా థ్రెడ్డే. అరంగుళం, ముప్పావు అంగుళం సైజులలో దానికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి బి.ఎస్.పి. దాని మీద చక్కగా ఎక్కినట్టే కనిపిస్తుంది. కాని ఎన్.పి.టి. థ్రెడ్ కోణం 60 డిగ్రీలు, బి.ఎస్.పి.ది 55 డిగ్రీలు. బిగించిన రోజు ఆగి, ఒత్తిడి పడ్డాక మెల్లగా చెమర్చే జాయింట్లలో చాలా వాటికి కారణం ఇదే. ప్లాస్టిక్ ఫిల్టరు హౌసింగ్ అయితే చెమర్చడంతో ఆగదు, బలవంతం చేసినచోట పగులుతుంది.

ప్రశ్న: సీతమ్మధారలో ఉంటాను. ఇంట్లో పాత ఆర్.ఓ. ఫిల్టరుకు వాడిన తెల్ల పైపు మిగిలి ఉంటే, దానిని మా ట్రాలీలోని 6 మి.మీ. పుష్-ఫిట్ కనెక్టర్‌కు (పైపును లోపలికి తోస్తే పట్టుకునేది) పెట్టాలని చూశాను, దూరలేదు. ఇంకో చోట, ఆర్.ఓ. కనెక్టర్‌లో నీలం రంగు 6 మి.మీ. పి.యు. (పాలీయురేథేన్) ట్యూబు పెడితే సులువుగా దూరింది, కాని పంపు వేయగానే ఊడి వచ్చింది. చేత్తో లాగితే రాని పైపు నీటికి ఎందుకు ఊడుతోంది?

జవాబు: ఇంటి ఆర్.ఓ. ఫిల్టరు పైపు పావు అంగుళానిది, అంటే బయటి వ్యాసం 6.35 మి.మీ. గాలి యంత్రాల పి.యు. ట్యూబు నిజంగానే 6 మి.మీ. కంటికి కనిపించని ఆ 0.35 మి.మీ. తేడాయే మీ రెండు సమస్యలకూ మూలం. ఇటువంటి జంటలు ఇంకా ఉన్నాయి: 10 మి.మీ. పైపునూ 9.5 మి.మీ. ఉండే మూడు బై ఎనిమిది అంగుళాల పైపునూ, 12 మి.మీ. పైపునూ 12.7 మి.మీ. ఉండే అరంగుళం పైపునూ కలపకూడదు. 8 మి.మీ. మాత్రం వీటిలా కాదు. అయిదు బై పదహారు అంగుళాల పైపు 7.94 మి.మీ. ఉంటుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి పనికొస్తాయి. పోల్ లోపలి పైపులలో ఎక్కువగా వాడేది ఈ 8 మి.మీ. బయటి కొలత కావడం మనకు కలిసివచ్చిన విషయం.

పుష్-ఫిట్ కనెక్టర్ లోపల ఏముందో తెలిస్తే అది ఎందుకు విడిచిపెట్టిందో అర్థమవుతుంది. నోటి దగ్గర కొల్లెట్ అనే చిన్న రింగు ఉంటుంది, దాని లోపలి అంచున సన్నటి స్టీలు పళ్లు ఉంటాయి. వాటికి వెనుక ఓ-రింగు అనే రబ్బరు రింగు, ఆ వెనుక పైపు ఆనుకునే గట్టు ఉంటాయి. పళ్లు పైపును పట్టుకుంటాయి, ఓ-రింగు నీటిని ఆపుతుంది. మనం చేత్తో లోపలికి తోసినప్పుడు మొదటి ప్రతిఘటన ఓ-రింగు దగ్గర తగులుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ తరువాత మరో తోపు తోస్తేనే పైపు గట్టుకు చేరుతుంది. కనెక్టర్ పక్కన పైపును పెట్టి ఎంత లోతు వెళ్లాలో పెన్నుతో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు నోటి లోపలికి పోయేదాకా తోయండి. తరువాత ఒకసారి వెనక్కు లాగి పళ్లు కరిచాయని చూసుకోండి. సన్నటి పైపు విషయంలో ఈ పరీక్ష మిమ్మల్ని మోసం చేసింది: పళ్ల మొనలు పైపును గీరుకుంటూ చేతి లాగుడుకు నిలబడ్డాయి, కాని ఓ-రింగు చుట్టూ సందు ఉండటంతో నీరు ఆ సందులోకి చేరి, ఆ ఒత్తిడికి పట్టు జారిపోయింది.

పైపు చివరను ఎలా కోస్తారన్నది కూడా ముఖ్యమే. కూరగాయల కత్తితో, కత్తెరతో కోస్తే చివర ఏటవాలుగా, కోడిగుడ్డు ఆకారంలో నలిగి ఉంటుంది. ఆ పదునైన కొస ఓ-రింగును చీరేస్తుంది. ట్యూబ్ కట్టర్ పెద్ద ఖరీదైన వస్తువు కాదు, కొనుక్కోండి. పళ్లు కరిచిన గీతలున్న పైపును మళ్లీ పెట్టవలసి వచ్చినప్పుడు, ఆ గీతలు పడిన ముక్కను కోసేసి కొత్త చివరను వాడండి, ఎందుకంటే నీరు ఆ గీతల వెంటే బయటికి వస్తుంది. విప్పేటప్పుడు ముందు ఒత్తిడి తీసేసి, కొల్లెట్‌ను చుట్టూ సమానంగా లోపలికి నొక్కి పట్టుకుని పైపు లాగాలి. నొక్కకుండా గుంజితే పళ్లు వంగిపోతాయి, ఆ కనెక్టర్ మరి పనికిరాదు.

మెత్తటి రబ్బరు పైపును, లోపల దారం అల్లిక ఉన్న పి.వి.సి. పైపును పుష్-ఫిట్‌లో పెట్టకండి. మెత్తటి గోడ పళ్ల కింద నలిగి లోపలికి కుంగుతుంది. తప్పనిసరైతే పైపు లోపల బిగువు కోసం పెట్టే ఇన్‌సర్ట్ వాడాలి, లేదా హోస్ నిపుల్‌కు మారాలి. ఎండ విషయం కూడా మరవకూడదు. మే నెలలో మేడ మీద నల్ల పైపు అరగంట పడి ఉంటే దానిలోని నీరు చేయి పెట్టలేనంతగా కాగుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. చల్లటి నీటికి రాసిన ఒత్తిడి కొలత ఆ సమయానికి వర్తించదు.

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీలో మా అన్నదమ్ములం ఇద్దరం ఈ పని చేస్తున్నాం. రీలు పైపును హోస్ నిపుల్ మీద ఎక్కించి స్క్రూ క్లిప్పు బిగిస్తున్నాం. ఎక్కించడానికి కొబ్బరినూనె రాస్తున్నాం. క్లిప్పు దగ్గరే పైపు తెగుతోంది, గోడ మూలలకు కూడా పట్టుకుంటోంది. మార్గం చెప్పగలరు.

జవాబు: ముందుగా నూనె మానేయండి, బాబూ. పైపు లోపలి నూనె నీటితో కలిసి బ్రష్ దాకా వెళ్లి అద్దం మీద జిడ్డు చారలుగా తేలుతుంది, టి.డి.ఎస్. మీటరులో అది కనిపించదు కనుక లోపం ఫిల్టరులో ఉందనుకుని అక్కడ వెతుకుతారు. పైపు కొసను వేడినీళ్లలో కాసేపు ముంచి తీస్తే మెత్తబడి, కొంచెం మెలితిప్పుతూ తోస్తే నిపుల్ ఎక్కుతుంది. అప్పటికీ ఎక్కకపోతే నిపుల్ సైజు పెద్దదని అర్థం. చేతితో అవలీలగా ఎక్కితే చిన్నదని అర్థం. క్లిప్పు గట్టిగా బిగించి ఆ లోటు తీర్చాలని చూడటం వల్లే మీ పైపు తెగుతోంది.

స్క్రూ క్లిప్పులు కారు రేడియేటర్ పైపుల వంటి లావు పైపులకు తగినవి. 10, 12 మి.మీ. పైపు చుట్టూ వాటి పట్టీ పూర్తి గుండ్రంగా తిరగలేదు. స్క్రూ ఉన్న చోట చదునుగా నిలిచి, ఆ పక్కన సందు, ఈ పక్కన కోత మిగులుస్తుంది. పైకి పొడుచుకు వచ్చిన ఆ స్క్రూ తలే గోడ మూలలను, పూల కుండీలను పట్టుకునేది కూడా. సన్నటి పైపులకు ఇయర్ క్లిప్పు వాడండి. ఇది పైపుకు తగిన సైజులో వచ్చే చిన్న స్టీలు రింగు. పైన చెవిలా ఉన్న మడతను పిన్సర్‌తో నొక్కితే చుట్టూ ఒకే బిగువుతో పట్టుకుంటుంది. దానిని నిపుల్ గాట్ల మధ్యభాగం మీదికి తెచ్చి నొక్కాలి, పైపు కొస మీద కాదు. అది ఒక్కసారికే పనికొస్తుంది, తీయాలంటే కోయాలి. కాబట్టి పైపును నిపుల్ మీదికి ఎక్కించే ముందే దానికి రింగు దూర్చి పెట్టుకోవడం మరవకండి.

రీలు చివర మీరు రోజూ విప్పి పెట్టే చోట, నొక్కగానే పట్టుకునే క్లిక్ కనెక్టర్ చాలు. గార్డెనా, హోజ్‌లాక్ కంపెనీల తరహావి మన దగ్గర తోట పైపుల దుకాణాలలోనూ దొరుకుతాయి. విప్పగానే నీరు తనంతట ఆగే రకాన్ని పంపు వైపు, మామూలు రకాన్ని పోల్ వైపు పెట్టుకోండి. గాలి కంప్రెసర్ల కోసం అమ్మే ఇనుప కప్లర్లు చవకగా వస్తాయని కొనకండి, నెల తిరగకముందే లోపలి స్ప్రింగు తుప్పు పట్టి ఆ పొడి బ్రష్‌లో నీరు చిమ్మే జెట్లలో చేరుతుంది.

ప్రశ్న: ఋషికొండ దగ్గర అయిదో అంతస్తు కిటికీలు కడిగేటప్పుడు బ్రష్ దగ్గర నీరు సన్నగిల్లుతోంది, పంపు ఆగి ఆగి కొట్టుకుంటోంది. రీలులో 100 మీటర్ల 6 మి.మీ. పైపు ఉంది, పంపు ఇచ్చే ఒత్తిడి 100 పి.ఎస్.ఐ. కనెక్టర్ల రంధ్రాలు సన్నగా ఉండటం వల్లేనా?

జవాబు: కనెక్టర్ల మీద నింద పడుతోంది గాని, అసలు దోషం పైపుది. నిమిషానికి రెండు లీటర్ల నీరు లోపలి వ్యాసం 6 మి.మీ. ఉన్న 100 మీటర్ల పైపులో పారాలంటే రాపిడికే సుమారు 4 బార్ ఒత్తిడి ఖర్చవుతుంది. పోల్ లోపలి 5 మి.మీ. పైపు 20 మీటర్లుంటే అక్కడ ఇంకో 1.8 బార్ పోతుంది. అయిదో అంతస్తు ఎత్తు 16 మీటర్లనుకుంటే, నీటిని అంత పైకి ఎత్తడానికి 1.6 బార్ కావాలి. మొత్తం 7.4 బార్. మీ పంపు ఇవ్వగలిగింది 100 పి.ఎస్.ఐ., అంటే 6.9 బార్. ఆ హద్దు దగ్గర ప్రెషర్ స్విచ్ పంపును ఆపుతుంది, ఒత్తిడి తగ్గగానే మళ్లీ వేస్తుంది. మీరు వింటున్న చప్పుడు అదే. రీలులో 8 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పైపు వేస్తే ఆ 4 బార్ కాస్తా 1 బార్‌కు దిగుతుంది. 4 మి.మీ. రంధ్రం ఉన్న నిపుల్ ఒక్కొక్కటి తినే ఒత్తిడి బార్‌లో ముప్పయ్యో వంతు మాత్రమే. పది ఉన్నా మీ రీలు ముందు అది లెక్కలోకి రాదు.

అయితే ఒక జాయింటును మాత్రం తప్పక చూడండి: ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్నది. పంపు తరువాతి జాయింటు వదులైతే నీరు బయటికి కారి తన తప్పు తానే చెబుతుంది. పంపుకు ముందున్నది వదులైతే చుక్క నీరు కారదు. పంపు గాలిని లోపలికి పీల్చుకుంటుంది. బ్రష్ దగ్గర నీరు ఉమ్మినట్టు తుంపులు తుంపులుగా రావడం దీని లక్షణం. ఆ భాగంలో ఒక జానెడు పారదర్శకమైన పైపు వేసి పెట్టుకుంటే, పంపు నడుస్తున్నప్పుడు బుడగలు వరుసగా కదులుతూ కంటికే కనిపిస్తాయి. కనెక్టర్ల ప్రశ్న కాకపోయినా ఒక్కమాట: కార్బన్ ఫైబర్ పోల్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి, కరెంటు తీగలున్న వైపు దానిని ఎత్తవద్దు.

ప్రశ్న: పాండురంగాపురంలో సముద్రానికి ఎదురుగా మా అపార్ట్‌మెంట్ ఉంది. అసోసియేషన్ తరఫున ఒక సెట్టు కొని మేడ మీద ఉంచాం. ఏడాది కాకుండానే ఇత్తడి కనెక్టర్లు పచ్చగా, కొన్ని ఎర్రగా మారి బిగుసుకుపోయాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి కొనాలని సభ్యులు అంటున్నారు. కార్యదర్శిగా ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, పైన పచ్చ రంగు పట్టడం గురించి దిగులు పడకండి, అది ఇత్తడి మీద సహజంగా ఏర్పడే పొర. ఎర్రగా మారినవే ప్రమాదం. ఉప్పు తేమకు ఇత్తడిలోని జింకు కరిగిపోయి, స్పాంజిలాంటి రాగి మాత్రమే మిగిలినప్పుడు ఆ రంగు వస్తుంది. చూపుకు ఆకారం చెక్కుచెదరదు, రెంచి వేస్తే మాత్రం విరుగుతుంది. అటువంటివి తీసేయండి. మీ సెట్టులో అల్యూమినియం భాగానికి ఇత్తడి కనెక్టర్ బిగించిన చోట ఉంటే అది ముందుగా పట్టేస్తుంది, ఎందుకంటే ఉప్పునీటి సమక్షంలో ఆ రెండు లోహాలు కలిస్తే అల్యూమినియం తినివేయబడుతుంది.

స్టెయిన్‌లెస్ అన్న మాట ఒక్కటే చాలదు. సాధారణంగా అమ్మే 304 రకం సముద్రపు గాలికి గోధుమ రంగు మచ్చలు పడుతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం చాలా మేలు. క్లిప్పుల విషయంలో పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మాత్రం పూత పూసిన మామూలు ఇనుము అయి ఉండటం తరచు జరిగేదే. నా మటుకు నేను, నీటి ఒత్తిడి ఇంత తక్కువగా ఉండే ఈ పనికి ఖరీదైన స్టీలు కన్నా ఎసిటాల్ ప్లాస్టిక్ పుష్-ఫిట్‌లనే ఎంచుకుంటాను. వాటికి తుప్పు రాదు, శుద్ధ జలం వల్ల ఇబ్బంది లేదు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కనుక సెట్టును మేడ మీద బయట ఉంచకుండా మెట్ల గదిలోకి మార్చమని సభ్యులకు చెప్పండి. పని ముగిశాక కనెక్టర్ల పైభాగాన్ని మామూలు మంచినీటితో కడిగించండి.

ప్రశ్న: టెఫ్లాన్ టేపు ఎక్కడెక్కడ చుట్టాలి? జెట్లు తరచు మూసుకుపోతున్నాయి. (గోపాలపట్నం)

జవాబు: ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉంది. లోపల చదునైన వాషర్ ఉన్న నట్టుకు టేపు అక్కరలేదు, అక్కడ నీటిని ఆపేది వాషర్. పుష్-ఫిట్‌కు అసలే వద్దు. కొస వైపు సన్నగిల్లే టేపర్ థ్రెడ్‌కు మాత్రమే, బిగించే దిశలో, మొదటి చుట్టు వదిలేసి రెండో చుట్టు నుంచి టేపు వేయాలి. మొదటి చుట్టు మీద వేసిన టేపు కొస నీటిలోకి వేలాడి, పోగులుగా తెగి, 2 మి.మీ. కన్నా పెద్దది కాని జెట్ రంధ్రంలో కూర్చుంటుంది. ఏ జాయింటు మార్చినా, బ్రష్ తగిలించక ముందు పోల్ పైపును ఒక బకెట్‌లోకి తెరిచి కాసేపు నీరు వదలండి. బకెట్ అడుగున టేపు పోగులు, పైపు కోసినప్పటి పొట్టు కనిపించడం మానే వరకు బ్రష్ తగిలించవద్దు.